గిటార్ వచ్చిన చేతికి బేస్ గిటార్ ఎలా అలవాటు చేయాలి

"గిటార్ వచ్చు కదా, బేస్‌కి నాలుగే తీగలు, ఇంక నేర్చుకోడానికి ఏటుంది?" విజయనగరం, శ్రీకాకుళం వైపు చర్చి క్వయర్లలో, పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో, కాలేజీ బ్యాండుల్లో గిటార్ వాయించేవాళ్ళు పదే పదే అడిగే మాట ఇది. గ్రూపులో ముగ్గురు గిటారిస్టులుంటారు, బేస్‌కి ఒక్కరూ ఉండరు. చివరికి ఆ ముగ్గురిలో ఒకరి మెడలో బేస్ పడుతుంది.

ఆ మాటలో సగం నిజముంది. ఫ్రెట్ల మీద స్వరాలు మీకు తెలుసు, కార్డులు తెలుసు, తాళం తెలుసు. అలవాటు లేనిది ఒక్కటే: మోగుతున్న తీగను ఆపడం. గిటార్ మీద కార్డు కొట్టి వదిలేస్తే అది మెల్లగా సన్నగిల్లుతుంది, వినడానికి బాగానే ఉంటుంది. బేస్ మీద వదిలేసిన స్వరం తర్వాతి స్వరం మీద పడి ముద్దైపోతుంది. అందుకే కింద చెప్పిన వాటిలో ఏడో మెట్టుకి ఎక్కువ రోజులు కేటాయించండి. రోజుకి అరగంట కూర్చుంటే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో తేలికపాటి పాటలకు నిలబడి వాయించవచ్చు.

కావలసినవి

• నాలుగు తీగల బేస్, స్కేల్ పొడవు 34 అంగుళాలు. స్కేల్ పొడవంటే నట్ నుంచి బ్రిడ్జి దాకా, తీగ మోగే భాగం. 1951లో లియో ఫెండర్ ప్రిసిషన్ బేస్‌కి పెట్టిన కొలత ఇది. ఇప్పటికీ ఎక్కువ బేస్‌లు ఇదే కొలతలో వస్తాయి. చేతులు బాగా చిన్నవైతే 30 అంగుళాల షార్ట్ స్కేల్ చూడండి. ఐదు తీగలది ఇప్పుడే వద్దు. అదనంగా వచ్చే లావు బి తీగను వాయించడం కంటే, అది ఊరికే మోగకుండా చూసుకోవడమే పెద్ద పని.

• బేస్ యాంప్లిఫయర్. ఇంట్లో సాధనకి 15 నుంచి 25 వాట్లు చాలు. కీబోర్డ్ యాంప్ ఉంటే దానితో నడుస్తుంది. ఏదీ లేకపోతే జాక్‌లో గుచ్చుకునే చిన్న హెడ్‌ఫోన్ యాంప్.

• చెవిని పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్స్. లావు ఇ తీగ సెకనుకి సుమారు 41 సార్లు కంపిస్తుంది. అంత కింది ధ్వని ఫోన్ స్పీకర్‌లో పలకదు. ఫోన్‌లో పాట పెట్టి బేస్ ఎక్కడుందా అని వెతికితే దొరకదు.

• 3 అంగుళాల వెడల్పు బెల్టు. బేస్ బరువు సుమారు 4 కిలోలుంటుంది, సన్న బెల్టు భుజాన్ని కోస్తుంది.

• ట్యూనర్, మెట్రోనోమ్ (ఫోన్ యాప్‌లు చాలు), 3 మీటర్ల కేబుల్, మిల్లీమీటర్లు కనపడే స్టీలు స్కేలు, బేస్‌తో వచ్చే అలెన్ కీలు, పొడి నూలు గుడ్డ.

హెచ్చరిక: గిటార్ యాంప్‌లో బేస్ పెట్టాల్సి వస్తే సౌండ్ బాగా తగ్గించి వాయించండి. గిటార్ స్పీకర్ కోన్ అంత కింది ధ్వనులకు చేసింది కాదు. సౌండ్ పెంచితే కోన్ విపరీతంగా ఊగి చిరుగుతుంది, కాయిల్ పోతుంది. టపటపమని గాలి కొట్టినట్టు వినపడిందంటే వెంటనే తగ్గించేయండి.

1. కొనకముందు రెండు వారాలు గిటార్ మీదే

బేస్ తీగలు ఇ, ఎ, డి, జి. గిటార్‌లో పై నాలుగు లావు తీగలవే పేర్లు, సరిగ్గా ఒక ఆక్టేవ్ కింద. కాబట్టి మొదటి రెండు వారాలు కొత్త వాద్యం అక్కర్లేదు. పిక్ పక్కన పెట్టి, ఆ నాలుగు తీగల మీద చూపుడువేలు, మధ్యవేలు మార్చి మార్చి, మీకు వచ్చిన పాటలకు కార్డుల రూట్ స్వరం ఒక్కటే వాయించండి. జి కార్డుకి జి, సి కార్డుకి సి, ఇంకేమీ వద్దు.

పాట మొత్తం అలా నడిపించలేక మధ్యలో కార్డు కొట్టాలని చెయ్యి లాగుతుంటే ఇంకో వారం ఆగండి. ఈ పని విసుగనిపిస్తే బేస్ కొనొద్దు. బేస్ వాయించేవాళ్ళ రోజువారీ పని దాదాపు ఇదే.

2. కొనేటప్పుడు చేతితో చూసుకోవడం

ఆన్‌లైన్‌లో తెప్పించడం కన్నా విశాఖపట్నం వెళ్ళి చేత్తో పట్టుకుని చూసుకోవడం మేలు. విజయనగరం నుంచి రైల్లో గంట ప్రయాణం. శ్రీకాకుళం వాళ్ళు ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో ఎక్కాలి. కొట్లో ఈ వరసలో చూడండి.

ముందు శ్రుతి చేయించండి. శ్రుతి లేని బేస్‌ని పరీక్షించినా ఏమీ తెలియదు. తర్వాత నాలుగు తీగల మీదా మొదటి ఫ్రెట్ నుంచి చివరిదాకా ఒక్కో స్వరం వాయించండి. అన్నిచోట్లా కొద్దిగా జరజరమంటే సెట్టింగ్‌తో పోతుంది. ఒక్క ఫ్రెట్ దగ్గరే జరజరమని పక్కవి బాగుంటే ఆ ఫ్రెట్ లేచి ఉంది, అది వద్దు. నాబ్‌లు అటూ ఇటూ తిప్పి చిటపటలు వస్తున్నాయేమో వినండి. బెల్టు వేసుకుని రెండు చేతులూ వదిలేయండి. మెడ నేల వైపు దిగిపోతుంటే ఎడమ చెయ్యి జీవితాంతం దాన్ని మోయాల్సిందే.

తీగల కింద ఉండి వాటి ధ్వనిని పట్టేది పికప్. ఒకే పెద్ద పికప్ రెండు ముక్కలుగా కనిపిస్తే అది ప్రిసిషన్ తరహా: ధ్వని గుండ్రంగా, నిండుగా ఉంటుంది, మెడ కాస్త వెడల్పు. పొడవాటి పికప్‌లు రెండుంటే జాజ్ తరహా: నట్ దగ్గర మెడ సన్నం, ధ్వనిలో స్పష్టత ఎక్కువ. గిటార్ నుంచి వచ్చే చేతికి జాజ్ మెడ త్వరగా ఒదుగుతుంది. బేస్ లోపల 9 వోల్టుల బ్యాటరీ ఉంటే అది యాక్టివ్ బేస్. చాలా వాటిలో కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. సాధన అవగానే కేబుల్ పీకేయండి.

3. సెట్టింగ్

పెట్టెలోంచి తీసిన బేస్ మీద తీగలు సాధారణంగా ఎత్తుగా ఉంటాయి. చాలామంది "బేస్ కష్టం, వేళ్ళు నొప్పి" అని వదిలేసేది ఇక్కడే. తప్పు వేళ్ళది కాదు.

మెడ వంపు: శ్రుతిలో ఉన్న ఇ తీగను ఒక చేత్తో మొదటి ఫ్రెట్ దగ్గరా, ఇంకో చేత్తో మెడ బాడీని కలిసేచోటా నొక్కి పట్టండి. 7, 8 ఫ్రెట్ల దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సుమారు 0.35 మి.మీ. సందు ఉండాలి. ఒక విజిటింగ్ కార్డు పట్టేంత. అసలు సందు లేకపోతే ట్రస్ రాడ్ (మెడ లోపల ఉండే కడ్డీ) వదులు చేయాలి, ఎక్కువుంటే బిగించాలి. గడియారం ముల్లు దిక్కున తిప్పితే బిగుస్తుంది. ఒకసారికి పావు చుట్టు మించి తిప్పకండి. మళ్ళీ శ్రుతి చేసి, కాసేపాగి కొలవండి. గట్టిగా ఉండి తిరగకపోతే బలవంతం చేయొద్దు, బాగుచేసేవాళ్ళకి ఇవ్వండి. రాడ్ విరిగితే మెడ పోయినట్టే.

తీగ ఎత్తు: 12వ ఫ్రెట్ పైనుంచి తీగ అడుగు దాకా ఇ తీగకు 2.4 మి.మీ., జి తీగకు 2 మి.మీ. ఉంచండి. బ్రిడ్జి మీద చిన్న అలెన్ స్క్రూలతో దించొచ్చు.

స్వరం నిలకడ: 12వ ఫ్రెట్ దగ్గర హార్మోనిక్ (తీగను నొక్కకుండా తాకి వాయిస్తే వచ్చే ధ్వని), అదే ఫ్రెట్ నొక్కి వాయించిన స్వరం రెండూ ట్యూనర్‌లో ఒకటే చూపాలి. నొక్కిన స్వరం ఎక్కువ చూపితే బ్రిడ్జి శాడిల్‌ని (బ్రిడ్జి మీద తీగ ఆనే చిన్న ముక్కని) వెనక్కి, మెడకు దూరంగా జరపండి. తక్కువ చూపితే ముందుకి.

వరస మార్చొద్దు: ముందు మెడ, తర్వాత ఎత్తు, చివర్లో శాడిల్. తిరగేసి చేస్తే చేసిన పనంతా మళ్ళీ చేయాలి.

4. శ్రుతి చేయడం

ఫోన్ ట్యూనర్ ఖాళీ ఇ తీగను సరిగ్గా పట్టుకోదు, ముల్లు ఊగుతుంది. 12వ ఫ్రెట్ కమ్మీకి సరిగ్గా పైన తీగను తాకీ తాకనట్టు తాకి వాయించండి. ఒక ఆక్టేవ్ పై ధ్వని వస్తుంది, ట్యూనర్ దాన్ని వెంటనే పట్టుకుంటుంది. ట్యూనర్ లేనప్పుడు ఇ తీగ మీద 5వ ఫ్రెట్ హార్మోనిక్, ఎ తీగ మీద 7వ ఫ్రెట్ హార్మోనిక్ ఒకటిగా వినపడాలి. మిగతా జంటలకూ ఇదే లెక్క. రెండూ తేడాగా ఉంటే వావ్-వావ్ అని ఊగినట్టు వినపడుతుంది. ఆ ఊపు నెమ్మదించి ఆగేదాకా కీ తిప్పండి.

5. కుడి చెయ్యి

బొటనవేలిని పికప్ అంచు మీద ఆనించండి. చూపుడువేలు, మధ్యవేలు మార్చి మార్చి వాయించాలి. వేలు తీగను పైకి లాగకూడదు, తీగ దాటి వెళ్ళి పై లావు తీగ మీద ఆగాలి. ఎ తీగ వాయిస్తే వేలు ఇ తీగ మీద వాలి నిలబడుతుంది. గిటార్ ఫింగర్ పికింగ్ అలవాటున్నవాళ్ళు తీగను గోరుతో ఎత్తి లాగుతారు, అది ఫ్రెట్లకు తగిలి టప్‌మంటుంది. గోళ్ళు కత్తిరించుకోండి, కండతో వాయించండి.

మెట్రోనోమ్ 60 మీద పెట్టి ఖాళీ ఇ తీగ మీద ఎనిమిది దెబ్బలు, ఎ మీద ఎనిమిది, డి మీద, జి మీద, మళ్ళీ వెనక్కి. చూపుడువేలు దెబ్బ, మధ్యవేలు దెబ్బ తేడా తెలియకుండా ఉండాలి. వారం తర్వాత 80, ఆ తర్వాత 100. సన్న తీగ నుంచి లావు తీగకి దిగేటప్పుడు మాత్రం వేలు మార్చక్కర్లేదు, అదే వేలిని లావు తీగ మీదకి జార్చి దాన్ని వాయించొచ్చు.

బ్రిడ్జి దగ్గర వాయిస్తే ధ్వని గట్టిగా, మెడ దగ్గర వాయిస్తే మెత్తగా బుంగలా వస్తుంది. మొదట్లో పికప్ పైనే ఉండండి. పిక్‌తో బేస్ వాయించడం తప్పేమీ కాదు, కానీ మొదటి రెండు నెలలు వద్దు. పిక్ పట్టుకుంటే చెయ్యి వెంటనే గిటార్ లయలోకి జారిపోతుంది.

6. ఎడమ చెయ్యి

మొదటి ఫ్రెట్ నుంచి నాలుగో ఫ్రెట్ దాకా మామూలు ఎలక్ట్రిక్ గిటార్ మీద దాదాపు 9.7 సెం.మీ. అదే బేస్ మీద దాదాపు 13 సెం.మీ. ఒక్కో ఫ్రెట్‌కి ఒక్కో వేలు అనే గిటార్ పద్ధతి ఇక్కడ పట్టుకుంటే మణికట్టు నొప్పి ఖాయం. 1 నుంచి 5 ఫ్రెట్ల దాకా చూపుడువేలు, మధ్యవేలు, చిటికెనవేలు మాత్రమే వాడండి, మూడు ఫ్రెట్లకు మూడు వేళ్ళు. ఉంగరంవేలు చిటికెనవేలికి తోడుగా పక్కనే నొక్కుతుంది. నిలువు డబుల్ బేస్ వాయించేవాళ్ళు ఎప్పటినుంచో చేసే పద్ధతే ఇది. 7వ ఫ్రెట్ దాటాక ఒక్కో ఫ్రెట్‌కి ఒక్కో వేలు పెట్టుకోవచ్చు.

వేలు ఫ్రెట్ కమ్మీకి ఆనుకుని వెనకగా పడాలి. రెండు కమ్మీల మధ్యలో పెడితే రెట్టింపు బలం కావాలి, అయినా జరజరమంటుంది. బొటనవేలిని మెడ మీదుగా పైకి తెచ్చి పట్టుకునే అలవాటుంటే మానండి, మెడ వెనక మధ్యలో మధ్యవేలికి ఎదురుగా ఉంచండి. ఎంత బలం కావాలో తెలుసుకోవాలంటే తీగను తాకి వాయిస్తూ మెల్లగా నొక్కడం పెంచండి. స్వరం శుభ్రంగా వచ్చిన క్షణం ఆగండి. ఆ బలం చాలు.

వేళ్ళ కొనలు నొప్పి పుట్టడం మామూలే. మణికట్టు నొప్పి, తిమ్మిరి మామూలు కాదు. అప్పుడు ఆపి, బెల్టు పొడవు తగ్గించండి. కూర్చున్నప్పుడు బేస్ ఎంత ఎత్తులో ఉంటుందో నిలబడ్డా అంతే ఎత్తులో ఉండాలి.

7. ఆపడం

రెండు మూడు వారాలు ఇక్కడే ఉండండి.

ఎ తీగ మీద 3వ ఫ్రెట్, అంటే సి. మెట్రోనోమ్ 60. ఒకటో దెబ్బకి వాయించి సరిగ్గా రెండో దెబ్బకి ఆపండి. మూడు, నాలుగు నిశ్శబ్దం. ఇలా ఎనిమిది సార్లు. తర్వాత ఒకటికి వాయించి మూడుకి ఆపండి. తర్వాత నాలుగుకి. వాయించడం ఎంత కచ్చితంగా దెబ్బ మీద పడుతుందో ఆపడం కూడా అంతే కచ్చితంగా పడాలి.

ఎలా ఆపాలి? ఎడమ చేతి వేలిని తీగ మీదనుంచి తీసేయకూడదు. తీసేస్తే ఖాళీ తీగ మోగుతుంది. నొక్కడం మాత్రం వదలాలి, వేలు తీగను అంటుకునే ఉండాలి. ఇంతవరకూ తేలికే. ఇప్పుడు అదే పనిని 5వ ఫ్రెట్ మీద చేసి చూడండి. స్వరం ఆగాల్సిన చోట సన్నటి ఈల వినపడుతుంది. 7వ ఫ్రెట్ మీదా, 12వ ఫ్రెట్ మీదా అంతే. ఈ ఫ్రెట్ల దగ్గర ఒక్క వేలు తేలికగా తాకితే అది హార్మోనిక్ అయిపోతుంది. శ్రుతి చేసేటప్పుడు మీరు కావాలని చేసిందే ఇప్పుడు అక్కర్లేకుండా జరుగుతోంది. మందు ఒకటే: నొక్కడం వదిలేటప్పుడు పక్కనున్న రెండు వేళ్ళనూ కూడా తీగ మీద పరచండి. రెండు మూడు చోట్ల తాకితే ఈల పుట్టదు.

ఖాళీ తీగ మోగుతుంటే దాన్ని ఆపేది కుడి చెయ్యి. తర్వాత వాయించాల్సిన వేలిని కాస్త ముందే తీగ మీద ఆనిస్తే సరి.

ఇక మీరు వాయించని తీగలు. డి, జి తీగల మీద ఉన్నప్పుడు లావు ఇ తీగ తనంతట తానే గుయ్‌మంటుంది, హెడ్‌ఫోన్స్‌లో అంతగా తెలియదు, పెద్ద స్పీకర్ పక్కన నిలబడితే తెలుస్తుంది. ఎ తీగకు వచ్చినప్పుడు బొటనవేలిని పికప్ మీదనుంచి ఇ తీగ మీదకి దింపి ఆనించండి. డి తీగకు వచ్చినప్పుడు బొటనవేలు ఇ మీద ఉంటుంది, ఇప్పుడే వాయించిన వేలు ఎ మీద వాలి ఉంటుంది, రెండూ మూతపడ్డట్టే. జి తీగకు వచ్చినప్పుడు బొటనవేలిని ఎ మీదకు దింపి, దాని పక్కభాగం ఇ ని కూడా తాకేలా కాస్త వాల్చండి. సన్న తీగలు మోగకుండా ఎడమ చూపుడువేలి అడుగుభాగం చదునుగా వాటిని తాకుతూ ఉండాలి.

పరీక్ష: యాంప్ సౌండ్ మామూలుకన్నా పెంచి, జి తీగ మీద ఒక స్వరం గట్టిగా వాయించి ఆపండి. గదిలో ఏ గుయ్‌మనడమూ మిగలకూడదు. మిగిలితే ఒక్కో తీగను వేలితో తాకుతూ ఏది మోగుతోందో కనిపెట్టండి.

8. రూట్, ఐదో స్వరం, ఆక్టేవ్

ఏ రూట్ నుంచైనా ఈ మూడు చోట్లు చేతికి రావాలి. ఐదో స్వరం: పక్క సన్న తీగ మీద రెండు ఫ్రెట్లు ముందు. ఆక్టేవ్: రెండు తీగలు దాటి రెండు ఫ్రెట్లు ముందు. కింది ఐదో స్వరం: పక్క లావు తీగ మీద అదే ఫ్రెట్. మేజర్ కార్డైనా మైనర్ కార్డైనా ఈ మూడూ మారవు, అందుకే వీటితో మొదలుపెట్టాలి.

జి, ఇ మైనర్, సి, డి అనే కార్డుల వరస తీసుకోండి. రూట్లు: ఇ తీగ 3వ ఫ్రెట్, ఖాళీ ఇ, ఎ తీగ 3వ ఫ్రెట్, ఎ తీగ 5వ ఫ్రెట్. మొదటి వారం ఒక్కో కార్డుకి నాలుగు దెబ్బలూ రూట్ మీదే. రెండో వారం ఒకటో దెబ్బకి రూట్, మూడో దెబ్బకి ఐదో స్వరం. మూడో వారం నాలుగో దెబ్బకి తర్వాతి రూట్‌కి దారి చూపే స్వరం: జి నుంచి ఇ కి వెళ్ళేముందు ఎఫ్ షార్ప్ (ఇ తీగ 2), సి కి వెళ్ళేముందు బి (ఎ తీగ 2), సి నుంచి డి కి వెళ్ళేముందు సి షార్ప్ (ఎ తీగ 4), డి నుంచి తిరిగి జి కి ఎఫ్ షార్ప్. ఇది వాయిస్తుంటే పాట నడుస్తున్నట్టు మీకే వినపడుతుంది.

కార్డు పేరు పక్కన గీత పెట్టి ఇంకో అక్షరం ఉంటే, ఉదాహరణకి డి/ఎఫ్ షార్ప్, గిటార్ మీద చాలామంది దాన్ని వదిలేసి మామూలు డి వాయిస్తారు. బేస్ మీద వదలకూడదు. గీత తర్వాతి స్వరమే మీరు వాయించాల్సింది.

శాస్త్రీయ రాగం మీద కట్టిన పాటలైతే ఒక జాగ్రత్త. హిందోళంలో పంచమం లేదు, శ్రీరంజనిలోనూ లేదు. అలవాటుగా ఐదో స్వరం వేస్తే పాడేవాళ్ళ మీద రాయి పడ్డట్టుంటుంది. అక్కడ షడ్జమం, మధ్యమం వాడండి. మధ్యమం పక్క సన్న తీగ మీద అదే ఫ్రెట్‌లో ఉంటుంది.

7వ ఫ్రెట్ కింద రెండు స్వరాలు కలిపి వాయించకండి. గిటార్ మీద తియ్యగా వినపడే జంట బేస్ మీద బురదలా వినపడుతుంది.

9. కేపో లెక్క, శ్రుతి లెక్క

గిటారిస్టులు బేస్‌కి వచ్చాక ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడ. గిటారిస్టు 2వ ఫ్రెట్‌లో కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) పెట్టి జి షేప్ పట్టుకుంటే మోగేది ఎ. పాటల కాగితం మీద జి అనే రాసి ఉంటుంది, పక్కన కేపో 2 అని కొన్నిసార్లు రాస్తారు, కొన్నిసార్లు రాయరు. మీరు అతని చేతిని చూసి జి వాయిస్తే మొదటి దెబ్బకే పాట చెడుతుంది.

సూత్రం తేలిక: షేప్ పేరుకి బేస్ మీద చోటు చూసుకుని, కేపో ఎన్నో ఫ్రెట్‌లో ఉందో అన్ని ఫ్రెట్లు ముందుకు జరగండి. జి షేప్, కేపో 2: ఇ తీగ 3 కి 2 కలిపితే 5, అంటే ఎ. సి షేప్, కేపో 3: ఎ తీగ 3 కి 3 కలిపితే 6, అంటే డి షార్ప్. ప్రతి పాటకీ ముందు గిటారిస్టుని "కేపో ఎంత?" అని అడగడం అలవాటు చేసుకోండి.

విజయనగరంలో 1919 నుంచీ మహారాజా సంగీత కళాశాల నడుస్తోంది. పాడేవాళ్ళలో కర్ణాటకం నేర్చుకున్నవాళ్ళు చాలాచోట్ల తగులుతారు. వాళ్ళు కీ పేరు చెప్పరు, "రెండున్నర శ్రుతి" అంటారు. ఈ పట్టిక రాసి బేస్ సంచిలో పెట్టుకోండి:

1 శ్రుతి – సి – ఎ తీగ 3
1½ – సి షార్ప్ – ఎ తీగ 4
2 – డి – ఎ తీగ 5
2½ – డి షార్ప్ – ఎ తీగ 6
3 – ఇ – ఖాళీ ఇ లేదా ఎ తీగ 7
4 – ఎఫ్ – ఇ తీగ 1
4½ – ఎఫ్ షార్ప్ – ఇ తీగ 2
5 – జి – ఇ తీగ 3
5½ – జి షార్ప్ – ఇ తీగ 4
6 – ఎ – ఇ తీగ 5 లేదా ఖాళీ ఎ
6½ – ఎ షార్ప్ – ఇ తీగ 6
7 – బి – ఎ తీగ 2 లేదా ఇ తీగ 7

ఖాళీ తీగల మీద ఆధారపడకుండా నేర్చుకుంటే శ్రుతి మారినా చేతి ఆకారం మారదు, మొత్తం చెయ్యి జరుగుతుంది అంతే. పాడేవాళ్ళు చివరి నిమిషంలో అర శ్రుతి పెంచమన్నా కంగారుండదు.

10. తాళంతో కలవడం

డ్రమ్స్ ఉంటే కాలితో కొట్టే కిక్, ఆక్టోప్యాడ్ అయితే కిక్ పలికే ప్యాడ్, తబలా అయితే ఎడమచేతి డగ్గా: వీటిలో ఒకదాన్ని పట్టుకుని మీ స్వరాన్ని దాని మీదే వేయండి. మొదట కిక్ ఎక్కడ పడితే అక్కడే, అంతకన్నా ఒక్క స్వరం ఎక్కువ వద్దు. స్నేర్ పడేచోట మీ స్వరం ఆగి ఉంటే రెండూ విడివిడిగా వినపడతాయి.

తప్పెటగుళ్ళ దళాన్ని దగ్గరనుంచి చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. దళమంతా ఒక్క దెబ్బగా కొట్టి ఒక్కసారిగా ఆపుతుంది, ఆ ఖాళీలోనే అడుగు పడుతుంది. బేస్, కిక్ కూడా అలా ఒక్క దెబ్బగా వినపడాలి.

ఆరు లెక్కల నడక పాటలకు ఒకటికి రూట్, నాలుగుకి ఐదో స్వరం, మూడుకీ ఆరుకీ నిశ్శబ్దం. గిటార్ స్ట్రమ్మింగ్ అలవాటు వల్ల ఆరు లెక్కలూ నింపాలనిపిస్తుంది. నింపితే తబలాకి చోటుండదు.

11. స్టేజి మీద

యాంప్ నాబ్‌లన్నీ మధ్యలో పెట్టి మొదలుపెట్టండి. వినపడటం లేదని యాంప్ మీద కింది ధ్వని పెంచే బేస్ నాబ్ పూర్తిగా తిప్పేయడం అందరూ చేసే తప్పు. దానివల్ల గది గుయ్‌మంటుంది తప్ప స్వరం తెలియదు. మిడ్ కొద్దిగా పెంచండి, స్వరం బయటికొస్తుంది. యాంప్‌ని గోడ మూలకు పెడితే కింది ధ్వని ఉబ్బుతుంది. చిన్న చర్చి హాలులో గోడకు దూరంగా జరపండి. మిక్సర్‌లోకి వెళ్ళేటప్పుడు డిఐ బాక్స్ (బేస్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే చిన్న పెట్టె) అడగండి.

హెచ్చరిక: పందిళ్ళలో, జనరేటర్ మీద నడిచే ప్రోగ్రాములలో ఎర్తింగ్ లేకపోవడం మామూలు. తీగల మీద చెయ్యి వేయగానే హమ్మింగ్ తగ్గి, తీయగానే పెరుగుతుంటే ఎర్తింగ్ సంగతి ముందు చూడండి. మైకుకి పెదవి తగిలినప్పుడు చురుక్కుమంటే వాయించడం ఆపి, బేస్ పక్కన పెట్టి, కరెంటు తీయించి ఎలక్ట్రీషియన్‌కి చూపించండి. మూడు పిన్నుల ప్లగ్‌లో పెద్ద పిన్ను పీకేసి రెండు పిన్నులతో నడిపించొద్దు. బేస్ తీగలు మీ చేతుల్లో ఉంటాయి, మైకు పెదవి దగ్గర ఉంటుంది. రెంటి మధ్యా మీ ఒంట్లోంచే కరెంటు పోతుంది.

వచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలి

ఒకటి, మెట్రోనోమ్ 80 నుంచి 40కి తగ్గించి, ఆ టిక్కులను రెండో, నాలుగో దెబ్బలుగా లెక్కపెట్టుకుంటూ ఎనిమిదో మెట్టులోని జి, ఇ మైనర్, సి, డి వరస ఐదు నిమిషాలు వాయించండి. టిక్కు ఒకటో దెబ్బ మీదకి జారిపోతే లయ ఇంకా మీ లోపల కుదరలేదు.

రెండు, రికార్డు చేసి హెడ్‌ఫోన్స్‌లో వినండి. ఫోన్ మైకు లావు ధ్వనిని తక్కువగా పడుతుంది కాబట్టి ధ్వని ఎంత నిండుగా ఉందో చూడకండి, స్వరం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో చూడండి. వేలు జారినప్పుడు వచ్చే కీచు, ఫ్రెట్ టప్‌మనడం ఫోన్‌లోనే బాగా తెలుస్తాయి.

మూడు, రిహార్సల్‌లో కిక్ వాయించేవాళ్ళని నాలుగు ఆవర్తాలు ఆగమనండి. మీరొక్కరే లయ నడపండి. వాళ్ళు తిరిగి వచ్చినప్పుడు ఒకటో దెబ్బ కలిస్తే మీరు ప్రోగ్రాంకి సిద్ధం. కలవకపోతే ఏ పాటలో వేగం పెరిగిందో రాసుకుని ఆ పాటనే పది రోజులు పట్టండి. గిటారిస్టులు ఎక్కువగా పరిగెత్తేది పాట పల్లవికి తిరిగి వచ్చేచోట.

తీగలు, తేమ

భోగాపురం నుంచి ఇచ్ఛాపురం దాకా తీరం వెంట ఉప్పుగాలి తీగలను త్వరగా తినేస్తుంది. బేస్ స్ట్రింగ్స్ సెట్టు ధర గిటార్ సెట్టుకన్నా చాలా ఎక్కువ, కాబట్టి వాయించడం అవగానే ఒక్కో తీగనూ పొడి గుడ్డతో పైనా కిందా తుడవండి. అక్టోబరు, నవంబరు వాయుగుండాల వానల్లో తేమకి మెడ కదులుతుంది. దీపావళి తర్వాత ఒకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి మూడో మెట్టులో చెప్పిన వంపు కొలత మళ్ళీ తీయండి. బేస్‌ని బాత్రూం గోడకు ఆనించి నిలబెట్టకండి, సంచిలో రెండు సిలికా జెల్ పొట్లాలు వేయండి.

తీగలు మార్చేటప్పుడు ఒక్కొక్కటే మార్చండి. కొత్త తీగను ట్యూనింగ్ పోస్టు దాటి నాలుగైదు అంగుళాలు ఎక్కువ ఉంచి, అక్కడ ముందు లంబంగా వంచి, వంపుకి అవతలే కత్తిరించండి. వంచకుండా కత్తిరిస్తే పై చుట్టు లోపలి తీగ మీద జారి వదులైపోతుంది, ఆ తీగ ఇక మోగదు, మూగగా ఉంటుంది. కొనను పోస్టు మధ్య రంధ్రంలో గుచ్చి, రెండు మూడు చుట్లు పైనుంచి కిందికి దిగేలా చుట్టండి. పొట్టిగా కత్తిరించేసిన ఇ తీగను ఎలాగూ వాడుకోలేరు, పారేసి కొత్తది కొనాల్సిందే, కాబట్టి కత్తెర పట్టేముందు పొడవు రెండుసార్లు చూసుకోండి.